ఇరవై మూడో బిళ్ళ

పదిహేడో బిళ్ళ మీద పచ్చటి మరక ఒకటి ఎంతకీ వదలడం లేదు. ఆయన పాత బనీను ముక్కని మళ్ళీ ఇటుకపొడిలో అద్ది, బిళ్ళని మోకాలి మీద పెట్టుకుని, బొటనవేలితో ఒత్తిపట్టి రుద్దాడు. ఆ వేలి గోరు ఎప్పుడో లారీ తలుపులో నలిగి, రెండుగా చీలి పెరిగింది. చీలికలోకి ఇటుకపొడి వెళ్ళి ఎర్రటి గీతలా కనపడుతోంది. చివరికి మరక పోయింది. బిళ్ళని కిటికీ వైపు తిప్పి చూసుకుని, తువ్వాలు మీద పదహారు పక్కన పెట్టాడు.

మొత్తం నలభై ఇత్తడి బిళ్ళలు. ఒక్కోటి అరచేతిలో సగం ఉంటుంది. పైన చిల్లు, మధ్యలో చెక్కిన నంబరు. నాటకాభిమానుల సంఘం వాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు బస్సు మాట్లాడుకుని నాటకానికి వెళ్తారు. బస్సు దిగేటప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిళ్ళ పెడతాడు. దాని మీది నంబరే హాల్లో సీటు నంబరు. తిరిగి ఎక్కేటప్పుడు బిళ్ళ తీసుకుని, డ్రైవరు వెనక బిగించిన చెక్కపలక మీద మేకుకి తగిలిస్తాడు. నలభై మేకులూ నిండితేనే బస్సు కదులుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పద్ధతి. సంఘంలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ బిళ్ళలాయనే.

"అవి మెరవకపోతే నాటకం ఆడరా ఏంటి?" అంది భార్య. కిటికీ దగ్గర కూర్చుని బడిపిల్లల చొక్కాలకి కాజాలు కుడుతోంది. ఆ పని ఆవిడకి వారానికి రెండు మూటలు వస్తుంది.

"మెరిస్తే నంబరు కనపడుతుంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చేవాళ్ళే సగం మంది."

"ఇవాళ ఏం నాటకం?"

"ఏదో అద్దె ఇంటి గురించట."

"అయితే ఏం లాభం? మీరు మధ్య ముక్క చింపుకొస్తారు. మొదలూ చివరా నేనే కుట్టుకోవాలి."

ఆయన నవ్వాడు. ఆవిడ అన్నది నిజమే. ఆలస్యంగా వచ్చిన ఆఖరి మనిషి కూర్చునేదాకా ఆయన హాలు బయటే ఉంటాడు. తెర పడడానికి పావుగంట ముందే లేచి, బస్సుని మెట్ల దగ్గరకి తెప్పించడానికి వెళ్ళిపోతాడు. మధ్యలో ఉన్న గంటన్నరా తలుపు పక్క స్టూలు మీద కూర్చుంటాడుగానీ, కళ్ళు తన నలభైమంది మీదే ఉంటాయి. ఎవరు దగ్గుతున్నారు, ఎవరు బయటికి లేచారు, ఎవరు ఎవరి భుజం మీద నిద్రపోయారు. వేదిక కంటే తలల వెనకభాగాలే ఆయనకి ఎక్కువ పరిచయం. నాటకం బాగుంటే తలలన్నీ ఓ జానెడు ముందుకి వంగుతాయి. బాగాలేకపోతే చెవులు గోక్కుంటారు.

అలా విన్న మధ్య ముక్కని ఇంటికి తెచ్చి, అన్నం తింటూ భార్యకి చెప్తాడు. మిగతాది ఆవిడ కల్పిస్తుంది. ఆవిడ చివర్లలో ఎవరూ ఆకలితో పడుకోరు. దుర్మార్గుడికి కూడా ముందు కంచంలో వడ్డించి, ఆ తర్వాతే చీవాట్లు పెడుతుంది. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి వినోదం అదే. ఇంకోటి కావాలని వాళ్ళకి ఎప్పుడూ అనిపించలేదు.

బిళ్ళలన్నీ వరసగా గుడ్డసంచీలో వేసుకుని, లేచి గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. దేవుణ్ణి ఆయన అడిగేది ఒక్కటే. ఎంతమందిని తీసుకెళ్తున్నానో అంతమందినీ తిరిగి తెచ్చేలా చూడు స్వామీ. అంతకుమించి అడిగితే, ఆ పెద్దమనిషికి మాత్రం తీరికెక్కడిది అనుకుంటాడు.

కళ్ళు తెరిచేసరికి ఫోను మోగుతోంది.

"నేనోయ్, ఇరవై మూడుని" అంది అవతలి గొంతు. మోకాళ్ళమ్మ. రిటైరైన నర్సు. "రాత్రి నుంచి ఎడమ మోకాలు బూరెలా ఉబ్బింది. మెట్టు దిగలేను. ఇవాళ నన్ను వదిలెయ్."

"ఇవాళేనా అమ్మా?" అన్నాడు ఆయన. అని, తప్పు మాట్లాడానని నాలిక కరుచుకున్నాడు. "పడుకోండి. కాలికింద దిండు పెట్టుకోండి."

"నర్సుకి చెప్తున్నావా?" అని నవ్వి ఫోను పెట్టేసింది.

ఆయన కూర్చుండిపోయాడు. భార్య సూది ఆపి చూసింది.

"ఆ అమ్మాయి పక్కసీటు ఖాళీ అయిపోయింది" అన్నాడు.

ఆవిడకి వివరం అక్కర్లేదు. పదిరోజులుగా ఆ సీటు గురించే వింటోంది.

సంఘం ఏడాదికొక విద్యార్థికి నాటకకళ చదువుకోవడానికి ఉపకార వేతనం ఇస్తుంది. దానికి పరీక్ష లేదు, ఉపన్యాసం లేదు. దరఖాస్తు పెట్టిన అయిదుగురినీ ఏడాది చివరి ప్రయాణంలో తమతోపాటు నాటకానికి తీసుకెళ్తారు. ఒక్కొక్కరి పక్కన ఒక సభ్యుడు కూర్చుంటాడు. నాటకం అయ్యాక ఆ సభ్యుడు ఒక చీటీ మీద, ఈ విద్యార్థి నాటకం ఎలా చూశాడో రాసిస్తాడు. దాన్ని పక్కసీటు చీటీ అంటారు. చూడ్డం వచ్చినవాడికి చెయ్యడం నేర్పొచ్చని సంఘం నమ్మకం. చీటీలు చదివి అధ్యక్షురాలు నిర్ణయిస్తుంది. కానీ ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో రాసేది బిళ్ళలాయన. ఆ సంగతిలో ఎంత బరువుందో సంఘంలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆయన ఆలోచించాడు, నిరుడు.

నిరుడు ఆ అమ్మాయిని గడియారాల కొట్టాయన పక్కన వేశాడు. మర్యాదస్తుడు కదా అనుకున్నాడు. ఆ మర్యాదస్తుడు మొదటి గంట కొట్టగానే నిద్రపోయి, చివరి గంట కొట్టాక లేచి, చీటీ మీద 'అల్లరి చెయ్యలేదు' అని రాశాడు. అంతే. వేతనం బాగా మాట్లాడే ఇంకో పిల్లవాడికి వెళ్ళింది. ఆ అమ్మాయి బస్సెక్కుతూ బిళ్ళ తిరిగిచ్చింది. వేళ్ళకి రెండుచోట్ల కాలిన మచ్చలున్నాయి. వాళ్ళ కాలేజీ హాల్లో నాటకాలకి దీపాలు వేసేది ఆమేనని అప్పుడు తెలిసింది. "థాంక్సండీ" అంది. ఆయన బిళ్ళని మేకుకి తగిలిస్తూ తల పక్కకి తిప్పుకున్నాడు.

ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టింది. వయసు నిబంధన ప్రకారం ఇదే ఆఖరుసారి. దీపాల పని నేర్పే బళ్ళో సీటొచ్చింది. వేతనం రాకపోతే వచ్చే వారం నుంచి వాళ్ళమ్మతో కలిసి లాండ్రీలో ఇస్త్రీకి వెళ్తానని దరఖాస్తులోనే రాసింది. అందుకే ఆయన ఏరికోరి మోకాళ్ళమ్మ పక్కన వేశాడు. ముప్పై ఏళ్ళు రోగుల మాటలు విన్న మనిషి. మాట్లాడనివాళ్ళ మాట కూడా వింటుంది.

"ఇంకెవరినైనా జరపలేరా?" అంది భార్య.

"జరిపితే ఇంకో పిల్లవాడి పక్కసీటు ఖాళీ అవుతుంది. మిగిలినవాళ్ళలో సగం మందికి చెవుడు, సగం మందికి తమ గొంతు తప్ప ఇంకోటి వినపడదు." సంచీ భుజాన వేసుకుని, ఎందుకో కుడిభుజానికి మార్చుకున్నాడు. "చూద్దాం. దారి చూపించేవాడు చూపిస్తాడు."

"దారి చూపిస్తాడు సరే, అన్నం డబ్బా ఎవరు పట్టుకెళ్తారు?" అని ఆవిడ వెనకాలే వచ్చి చేతిలో పెట్టింది.

*

సంఘం గది తాళాల కొట్టు మేడమీద. ఇరవై రెండు మెట్లు. పద్నాలుగో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఈమధ్య అక్కడ ఆగడం అలవాటయింది. గదిలో ఒక బల్ల, ఒక బీరువా, గోడనిండా పాత నాటకాల ఫొటోలు. అవార్డు ఫలకం కాగితం చుట్టి సిద్ధంగా ఉంది. ఏటా ఒక నటుడికి ఇచ్చేది. అయిదు ఖాళీ చీటీలూ, అయిదు పెన్సిళ్ళూ కవర్లో పెట్టుకున్నాడు. పెన్సిళ్ళ మొనలు బ్లేడుతో మళ్ళీ చెక్కాడు.

కింద బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు, ఆయన ఒకళ్ళనొకళ్ళు బావా అనుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు ఒకే బస్సులో తిరిగితే అదే కలుస్తుంది.

"ఏంటి బావా, మొహం వాడిపోయింది? అక్క చీవాట్లు పెట్టిందా?"

సంగతి చెప్పాడు. డ్రైవరు అద్దం తుడుస్తూనే విన్నాడు.

"దానికింత ఆలోచనెందుకు? నువ్వే కూర్చో."

"నేనా?"

"నీకు కళ్ళు లేవా, చెవులు లేవా? రాయడం రాదా?"

"నేను సభ్యుణ్ణి కాను. తలుపు దగ్గర ఎవరుంటారు?"

"నేనుంటా. బస్సుకి తాళం వేసి స్టూలెక్కి కూర్చుంటా. ఎవరైనా దగ్గితే బయటికి గెంటేస్తా."

"గెంటకూడదు. మంచినీళ్ళివ్వాలి."

"సరే, నీళ్ళిచ్చి గెంటేస్తా."

*

బస్సు ఊరు దాటి పొలాల మధ్య పడింది. వెనక అప్పుడే ఎవరో ఎవరి కిటికీ గురించో వాదిస్తున్నారు. చెక్కపలక మీద నలభై బిళ్ళలు కుదుపుకి గలగలమంటున్నాయి. పలక పైన తెల్లరంగుతో రాసి ఉంది: బిళ్ళ ఎవరి దగ్గరుంటే సీటు వారిది. ఇద్దరు సభ్యులు సీట్లు మార్చుకుని తరవాత కొట్టుకున్నంత పని చేసినప్పుడు కార్యదర్శిగారు పెట్టిన నియమం. ఆయన పళ్ళ డాక్టరు. నియమమంటే ప్రాణం.

బిళ్ళలాయన పక్క సీట్లో అధ్యక్షురాలు కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు బడి హెడ్‌మిస్ట్రెస్. బిళ్ళలు పుట్టింది ఆవిడ వల్లే.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో బిళ్ళల్లేవు. తిరుగు ప్రయాణంలో నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. అంతకుముందు గోదాములో బస్తాలు లెక్కపెట్టిన చెయ్యి, లెక్కకి కొత్త కాదు. ఒకసారి నలభైకి నలభై వచ్చాయి. బస్సు కదిలింది. గంట ప్రయాణం చేశాక తెలిసింది, ఆ నలభైలో తననీ కలిపేసుకున్నాడని. వెనక్కి వెళ్ళేసరికి హాలు మూసేశారు. వానలో మెట్లమీద, తలమీద చేతిసంచీ పెట్టుకుని ఆవిడ కూర్చుని ఉంది. బస్సెక్కి, తల తుడుచుకుని, "వచ్చావు కదా, చాలు" అంది. మర్నాడు ఇత్తడి పనివాడి దగ్గరకి వెళ్ళి నలభై బిళ్ళలు చేయించాడు. ఆ తర్వాత ఎప్పుడూ తనని లెక్కలో వేసుకోలేదు.

"అమ్మగారూ" అన్నాడు నెమ్మదిగా. "ఇరవై మూడు రాలేదు. ఆ సీట్లో నేను కూర్చోవచ్చా?"

ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "కాళ్ళు నొప్పులా?" అంది.

"కాదండీ. పక్కన ఆ అమ్మాయి ఉంది."

అప్పుడు తిరిగి చూసింది. కాసేపు చూసి, "బిళ్ళ తీసుకో మరి" అంది.

హాలు ముందు దిగేటప్పుడు అందరి చేతుల్లోనూ బిళ్ళలు పెట్టాక, పలక మీద ఒక్కటి మిగిలింది. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు తోమిన బిళ్ళే. జేబులో ఇంత బరువుంటుందని తెలియదు.

*

సీటు మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికి కాస్త సిగ్గేసింది. రెండుసార్లు లేవబోయాడు, అలవాటుకొద్దీ. వెనక తలుపు దగ్గర డ్రైవరు "ష్!" అనడం హాలంతా వినపడింది. దగ్గినవాళ్ళ కంటే ఆ ష్ గట్టిగా ఉంది.

ఆ అమ్మాయి ఇరవై నాలుగులో కూర్చుంది. జుట్టు వెనక్కి లాగి రబ్బరు వేసుకుంది. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, తెర లేవకముందే పైకి, దీపాలు కట్టిన ఇనప కడ్డీల వైపు చూస్తోంది.

"నేనే చీటీ రాస్తానమ్మా ఇవాళ" అన్నాడు. ముందే చెప్పడం ధర్మమనిపించింది.

"సరేనండీ."

"నాకు నాటకాల గురించి పెద్దగా తెలీదు."

ఆమె కాస్త నవ్వింది. "నాకు మాట్లాడ్డం తెలీదండీ."

తెర లేచింది. మొదలు నుంచి ఒక నాటకం చూడడం ఆయనకి ఇదే మొదటిసారి. మనుషులు ఇలా వస్తారన్నమాట, ఎవరు ఎవరో ఇలా చెప్తారన్నమాట అనుకున్నాడు. ఒక ముసలావిడ గదులు అద్దెకిస్తుంది. ఇంట్లో ఒక గది మాత్రం ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన ఆ గదే కావాలంటాడు. ఆవిడ ఇవ్వనంటుంది. ఆ గదిలో ఏముందోనని ఇంట్లో తలా ఒక మాట. ఒకడు నగలంటాడు, ఒకత్తె దయ్యమంటుంది.

అరగంట గడిచాక ఆ అమ్మాయి తలవంచి చాలా చిన్నగా అంది, "తలుపు కింద చూడండి."

చూశాడు. తాళం వేసిన తలుపు కింద సన్నటి వెలుగు గీత. ఎండలో పడున్న పసుపు దారంలా ఉంది.

"మొదటినుంచీ చూస్తున్నానండీ" అంది. "పొద్దుటి దృశ్యంలో లేదు. సాయంత్రం అయిన ప్రతిసారీ ఉంటోంది. ఇంకెవరూ లేనప్పుడే ముసలావిడ ఆ గదివైపు నుంచి వస్తుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు. మనం చూస్తామో లేదోనని పెట్టారు."

ఆ తర్వాత ఆయన కళ్ళు ఆ గీతని వదల్లేదు. వేదిక మీద కేకలు, ఏడుపులు, ఒక నవ్వు. కింద ఆ గీత మాత్రం సాయంత్రమయ్యేసరికి వచ్చి కూర్చునేది, ఇంట్లో మనిషిలా. లోపల ఉన్నది నగలూ కాదు, దయ్యమూ కాదు, దీపం అని ఆయనకి తెలిసిపోయింది. హాల్లో అందరికంటే ముందు తెలిసింది. అలాంటిది తన జీవితంలో ఇంతకుముందు జరిగిందా అని వెతుక్కున్నాడు. గుర్తు రాలేదు.

విరామంలో మిగతా నలుగురు విద్యార్థులూ టీ గ్లాసులు పట్టుకుని గడగడా మాట్లాడుతున్నారు. ఒకబ్బాయి పళ్ళ డాక్టరుకి నాటకమంతా తిరిగి ఆడి చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి బిళ్ళలాయన గ్లాసు కూడా పట్టుకుని నిలబడింది. ఆయన అన్నం డబ్బాలోంచి రెండు బిస్కట్లు తీసిచ్చాడు. భార్య ఎప్పుడూ పైన బిస్కట్లు పెడుతుంది.

"వేలికేమైంది?" అన్నాడు. కొత్తగా ఒక పట్టీ ఉంది.

"దీపం వేడిగా ఉన్నప్పుడే తిప్పానండీ. ఆ నిమిషంలో తిప్పకపోతే అమ్మాయి మొహం చీకట్లో పడిపోతుంది."

"ఏ అమ్మాయి మొహం?"

"మా కాలేజీ నాటకంలో అమ్మాయి" అని, తినడం మొదలుపెట్టింది.

చివరి దృశ్యంలో అలవాటుకొద్దీ కాళ్ళు లేవమన్నాయి. లేవలేదు. ముసలావిడ తాళంచెవి ఆ మనిషి చేతిలో పెట్టి, మెట్లమీద కూర్చుంది. తలుపు తెరుచుకుంది. గదినిండా ఉన్న వెలుగు ఒక్కసారి వేదికమీద పరుచుకుంది. లోపల ఎవరూ లేరు. బల్లమీద ఒక దీపం. ఎప్పుడో పోయిన చెల్లెలి గది అది. రోజూ సాయంత్రం ఆవిడే వెళ్ళి వెలిగించి వస్తోంది. తెర పడింది. ముందు వరసలో అందరి తలలూ వంగి ఉన్నాయి. ఆయనది కూడా.

*

హాలు మేడమీద గదిలో సంఘం చిన్న సభ. ముసలావిడ వేషం కట్టిన నటికి అవార్డు. ఆమె జుట్టులో ఇంకా తెల్లపొడి ఉంది. "ఈ ఫలకం బరువు చూస్తుంటే, ఆ గది అద్దెకిచ్చినా ఇంత గిట్టేది కాదనిపిస్తోంది" అని కూర్చుంది. అందరూ నవ్వారు. సభ్యుల ఉపన్యాసాలు దానికి పదింతలు సాగాయి.

మూలబల్ల దగ్గర అధ్యక్షురాలు చీటీలు చదువుతోంది. ఒకదాని మీద 'మంచి కుటుంబం' అని ఉంది. ఇంకోదాని మీద 'నేను కునుకు తీసిన భాగాన్ని చక్కగా వివరించాడు' అని ఉంది. అయిదోది గుండ్రటి పెద్ద అక్షరాల్లో, తుడిపి తుడిపి రాసింది:

'ఈ అమ్మాయి తలుపు కింద వెలుగు చూసింది. నాకు చూపించింది. ఇరవై ఏడేళ్ళుగా నాటకాలకి వస్తున్నాను. చూడ్డం ఇవాళే తెలిసింది. నిరుడు ఈమెని నిద్రపోయే మనిషి పక్కన కూర్చోబెట్టింది నేనే. తప్పు నాది. ఆమెది కాదు.'

పళ్ళ డాక్టరు భుజం మీంచి చదివాడు. "ఇది చెల్లదండీ" అన్నాడు. దురుసుగా అనలేదు, బాధగానే అన్నాడు. "పక్కసీటు చీటీ సభ్యులే రాయాలి. ఆయన మన ఉద్యోగి. నియమం నియమమే కదా."

బిళ్ళలాయన బల్లకి అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోదాములో దొరగారి ముందు కూడా అలాగే నిలబడేవాడు. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. దూరంగా కిటికీ దగ్గర ఆ అమ్మాయి వీళ్ళవైపు చూడకుండా, చూస్తున్నట్టే నిలబడి ఉంది.

"ఏమయ్యా" అంది అధ్యక్షురాలు. "నీ దగ్గర బిళ్ళ ఉందా?"

"ఉందండీ." తీసి బల్లమీద పెట్టాడు. ఇరవై మూడు.

"డాక్టరుగారూ, మన బస్సులో పలక మీద ఏం రాసుంది?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "బిళ్ళ ఎవరి దగ్గరుంటే సీటు వారిది."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

"సీటు ఇతనిది. పక్కసీటు చీటీ అంటే ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు రాసేది. ఇంకేదైనా నియమం ఉంటే ఇప్పుడే చెప్పండి, నాకు ఎనభై మూడు, ఎక్కువసేపు ఆగలేను."

డాక్టరు బిళ్ళవైపు చూశాడు, చీటీవైపు చూశాడు. తర్వాత నవ్వేశాడు. "నా పన్ను నేనే పీక్కున్నట్టుంది" అన్నాడు. పెన్ను తీసి చీటీ మూల సంతకం కూడా చేశాడు.

పేరు చదివినప్పుడు ఆ అమ్మాయి ముందుకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, కవరు తీసుకుని, వెనక్కి తిరగబోయింది. ఎవరో "రెండు ముక్కలు చెప్పమ్మా" అన్నారు. "మాట్లాడ్డం రాదని ఆమె ముందే చెప్పింది" అన్నాడు బిళ్ళలాయన. సభలో ఆయన గొంతు వినపడడం అదే మొదలు.

*

సాయంత్రపు ఎండ ఇంకా మిగిలుండగానే బస్సెక్కారు. ఒక్కొక్కరి దగ్గరా బిళ్ళ తీసుకుని తగిలించాడు. ఆ అమ్మాయి తన బిళ్ళ ఇస్తూ మళ్ళీ "థాంక్సండీ" అంది. ఈసారి ఆయన, "చల్లగా ఉండు తల్లీ. దీపం చల్లారాక తిప్పు" అన్నాడు.

డ్రైవరు పలక చూసి, "ఇరవై మూడేది బావా?" అన్నాడు.

"నా దగ్గరుంది. ఇవాళ నేనే ఇరవై మూడు. పోనీ."

"తగిలించవా?"

"ఉండనీ. ఇంటికెళ్ళి చూపించి రేపు తగిలిస్తా." ముందుసీట్లో కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. "మీ అక్కకి ఇవాళ మొత్తం కథ చెప్పాలి. మొదటినుంచీ. కుట్టుకునే పని లేకుండా."

"పాపం, అక్కకి ఇంక పనేముంటుంది?" అన్నాడు డ్రైవరు. బిళ్ళలాయన నవ్వడం అద్దంలో కనపడింది. ఎడమభుజం ఒకసారి రుద్దుకుని, తల కిటికీకి ఆనించాడు. పొలాల మీద ఎండ పసుపు దారాల్లా పడుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

ఊళ్ళోకి వచ్చి తాళాల కొట్టు ముందు బస్సు ఆగింది. అందరూ దిగారు. పడుకున్నాడులే, లేపకండి అన్నాడు డ్రైవరు. అధ్యక్షురాలు దిగుతూ దిగుతూ ఆగి, ఆయన చేతిమీద చెయ్యి వేసింది. తీయలేదు. అలాగే పక్కన కూర్చుంది.

"నువ్వు దిగి వాళ్ళావిణ్ణి తీసుకురా నాయనా" అంది డ్రైవరుతో. "నేనిక్కడే ఉంటాను."

*

పక్షం రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. బళ్ళో చేరిందట. వెలుతురు ఎంతుందో కొలిచే చిన్న పరికరం ఇచ్చారట. సంచీలోంచి తీసి చూపించి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టుకుంది. భార్య కాజాల మూట పక్కకి జరిపి కుర్చీ వేసింది.

ఆయన లేని ఈ పదిహేను రోజులూ ఆవిడ ఒక్కటే ఆలోచించింది. ఆయన ప్రతిసారీ అందరినీ తిరిగి తెమ్మని అడిగాడు, దేవుడు తెచ్చాడు. ఆయన తనని లెక్కలో చెప్పుకోలేదు. చెప్పని మనిషిని తేలేదని దేవుణ్ణి ఎలా అడగడం? ఆ ఒక్కసారి బిళ్ళ జేబులో వేసుకున్నప్పుడైనా చెప్పాడేమో. జవాబు రాలేదు. రాకపోయినా సాయంత్రాలు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోవడం ఆవిడ మానలేదు. ఇప్పుడు ఆ పని ఇంట్లో ఆవిడదే.

"ఆయన నాకు మొత్తం చెప్తానన్నారట" అంది. "డ్రైవరు తమ్ముడు చెప్పాడు. నువ్వు చెప్పు, వింటాను."

అమ్మాయి చెప్పింది. మాట్లాడ్డం రాదన్న పిల్ల, ముసలావిడ చీర రంగుతో సహా చెప్పింది. తలుపు కింద గీత దగ్గర గొంతు తగ్గించింది. తాళంచెవి ఇచ్చేదాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగు. చివర నేను చెప్తాను. మా ఇంట్లో అది నా వంతు." సూదిలో దారం ఎక్కిస్తూ ఆలోచించింది. "గదిలో ఎవరూ ఉండరు. దీపం ఉంటుంది. అవునా?"

అమ్మాయి తలూపింది.

"ఆవిడ ఆ గది అతనికే ఇచ్చేస్తుంది. ముందు అన్నం పెడుతుందనుకో. ఇచ్చి, సాయంత్రం పూట దీపం మాత్రం నువ్వు వెలిగించు నాయనా, నాకు మెట్లెక్కడం కష్టంగా ఉంది అంటుంది."

అమ్మాయి ఓ జానెడు ముందుకి వంగింది. "నాటకంలో అలా లేదండీ" అంది. "తలుపు తెరిచాక తెర పడిపోతుంది. కానీ మీరు చెప్పిందే బాగుంది."

"వాళ్ళకి తొందర. తెర ముందే వేసేస్తారు" అంది ఆవిడ.

ఆ బిళ్ళని సంఘం వాళ్ళు తిరిగి అడగలేదు. మోకాళ్ళమ్మ తనకి నలభై ఒకటో నంబరు కొత్తగా చేయించుకుందట. ఇకనుంచి పలక మీద ఆ మేకు మాత్రం ఖాళీగానే ఉంచి బస్సు కదులుతుందట. అమ్మాయి వెళ్ళేటప్పటికి ఎండ కిటికీ గడప దాటి బల్లమీదికి వచ్చింది. అక్కడ, ఇటుకపొడి డబ్బాకీ దారపు ఉండకీ మధ్య, చిల్లులోంచి ఒక చుక్క వెలుగుని బల్లమీద వదిలి, ఇరవై మూడో బిళ్ళ మెరుస్తోంది.